డిస్కవరీ లిఫ్ట్ చేయించుకున్న వాళ్లందరూ బండి ఒకసారి తీసుకురండి

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లోని మన షెడ్డులో గత రెండేళ్లలో పదకొండు ల్యాండ్ రోవర్ డిస్కవరీ 4 బండ్లకు ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలితో బండిని మోసే ఏర్పాటు) ఎత్తు పెంచి, అంటే లిఫ్ట్ చేసి ఇచ్చాం. వాటిలో నాలుగు తిరిగొచ్చాయి. మొదటిది వచ్చినప్పుడు బండి పాతది కదా, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది అనుకున్నాను. మూడోది వచ్చేసరికి తప్పు బండిలో లేదు, మేం చేసిన పనిలోనే ఉందని అర్థమైంది. ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు, అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మొదట వచ్చింది భీమవరం వైపు బండి, 2012 మోడల్. వాళ్లకి రొయ్యల చెరువులున్నాయి, రోజూ గట్ల మీద తిరగాలి, వానలు పడితే ట్రాక్టర్లు తొక్కిన గాడుల్లో బండి అడుగు తగులుతోంది, రెండు అంగుళాలు లేపమన్నారు. లేపాం. చూడ్డానికి కూడా బాగుంది. రెండు నెలల తర్వాత వచ్చి, ఆఫ్‌రోడ్ హైట్‌లో (గతుకుల దారి కోసం బటన్ నొక్కి బండిని ఇంకా లేపే ఎత్తు) పెట్టినప్పుడు ముందు చక్రం చిన్న గుంటలోకి దిగినా సుత్తితో కొట్టినట్టు టక్కుమంటోంది అన్నారు. కింద చూస్తే కుడివైపు యాక్సిల్ బూటు (జాయింటులో గ్రీజు నిలిపే రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజంతా రిమ్ము లోపలికి చిమ్మి ఉంది.

ఎందుకు అలా అయిందో చెప్తాను. ఈ బండిలో ప్రతి చక్రం దగ్గర ఒక హైట్ సెన్సర్ ఉంటుంది, దాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కి కలుపుతూ వేలెడంత లింకు ఉంటుంది. ఆ లింకు పొడవు మారిస్తే బండి కిందికి జారిందని కంప్యూటర్ అనుకుని బెలోల్లోకి (ప్రతి చక్రం దగ్గర బండిని మోసే గాలి సంచులు) గాలి ఎక్కిస్తుంది, బండి లేస్తుంది. సులువైన పని, రెండు గంటల్లో అయిపోతుంది, అందుకే అందరూ చేస్తారు, మేమూ చేశాం. కానీ బండి ఇప్పటికే పైన ఉందన్న సంగతి కంప్యూటర్‌కి తెలియదు. కంపెనీ లెక్కలో నార్మల్ నుంచి ఆఫ్‌రోడ్‌కి మారితే బండి 55 మిల్లీమీటర్లు లేస్తుంది, గ్రౌండ్ క్లియరెన్స్ 185 నుంచి 240 అవుతుంది. మేం లింకుతో 50 లేపాం, కస్టమర్ ఆఫ్‌రోడ్ బటన్ నొక్కగానే అది తన 55 తాను కలుపుకుంది. మొత్తం 105. అడుగు ఎక్కడైనా ఆనిందంటే ఇంకాస్త లేవడానికి కూడా చూస్తుంది. ఈ బండిలో బెలో, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకటే ముక్క, అది సాగేది ఒక హద్దు వరకే. ఆ హద్దు దగ్గరే బండి నిలబడి ఉంటే చక్రం గుంటలోకి దిగడానికి ఇంకా కింద చోటు ఎక్కడిది? ఆ టక్కుమనేది అదే. యాక్సిల్ కూడా వాలుగా తిరిగీ తిరిగీ బూటు చిరిగింది.

చాలామంది, గాలి ఎక్కువ కొట్టారు కాబట్టి గట్టిగా కొడుతోంది, కాస్త తగ్గించండి అంటున్నారు. అది నిజం కాదండీ. బండి బరువు మారలేదు, కాబట్టి ఎత్తు పెంచినా బెలోలో ఒత్తిడి పెద్దగా మారదు, గాలి పరిమాణం పెరుగుతుంది అంతే. ఎక్కువ గాలి ఉన్న బెలో నిజానికి కాస్త మెత్తగానే ఉండాలి. మీకు గట్టిగా అనిపించేది గాలి కాదు, చక్రం కిందికి దిగే చోటు అయిపోవడం. నాకు కూడా ఈ తేడా బాగా అర్థమవడానికి ఆ భీమవరం బండి చక్రాలు విప్పి, ఒక్కో మూల పైకీ కిందికీ ఎంత ఆడుతోందో టేపు పెట్టి కొలవాల్సి వచ్చింది.

ఇంకో తప్పు పూర్తిగా మాదే, దీన్ని చెప్పడం నాకు కష్టంగానే ఉంది. లిఫ్ట్ తర్వాత నాలుగు మూలలూ సమంగా ఉన్నాయా అని మేం నేల నుంచి ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు దాకా కొలిచేవాళ్లం. మా షెడ్డులో నీళ్లు పోవడానికి వెనకాల ఒక మూల కాస్త పల్లం పెట్టించాం. లెవెల్ వేసి చూస్తే ఆ మూల 8 మిల్లీమీటర్లు తేడా. అంటే ఆ నేల మీద సమంగా కనపడేలా సెట్ చేసిన బండి చదును రోడ్డు మీదికి వెళ్లగానే మంచానికి ఒక కోడు పొడవైనట్టు అయిపోతుంది. ఐమూలగా ఉన్న రెండు చక్రాలే ఎక్కువ బరువు మోస్తాయి, మిగతా రెండూ తేలిగ్గా ఉంటాయి, కంప్యూటర్ ఒకదానికి గాలి కొడుతూ ఒకదాంట్లోంచి వదులుతూ ఉంటుంది, కంప్రెసర్‌కి విశ్రాంతి ఉండదు. తిరిగొచ్చిన వాటిలో రెండు బండ్లకు ఇదే జరిగింది. ఇప్పుడు నేలతో పని లేకుండా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలుస్తున్నాం, టైరు అరిగినా, గాలి తక్కువున్నా ఆ కొలత మారదు. ఆ మూల సిమెంటు కూడా చదును చేయించాం.

కంప్రెసర్ సంగతి. లిఫ్ట్ చేసిన బండికి లేచిన ప్రతిసారీ ఎక్కువ గాలి కావాలి. మన దగ్గర ఎండాకాలంలో కంప్రెసర్ ఊరికే వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది, కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి లోపల తేమ పీల్చే డ్రయ్యర్ గుళికలు తొందరగా పాడవుతాయి. పాడైన గుళికలు పొడిపొడి అయి పైపుల్లోంచి, ఏ బెలోకి గాలి పోవాలో చూసే వాల్వ్ బ్లాకుల్లోకి పోతాయి, అక్కడ వాల్వు సరిగ్గా మూసుకోదు, బండి రాత్రికి రాత్రి ఒక పక్కకి కూర్చుంటుంది. స్కానర్‌లో సీ1ఏ20 అని కోడ్ వస్తే గాలి ట్యాంకు నిండడానికి ఎక్కువసేపు పడుతోందని అర్థం, అంటే కంప్రెసర్ నీరసించింది లేదా ఎక్కడో లీకు ఉంది. ఆ కోడ్ ఉన్న బండికి ఇక నుంచి లిఫ్ట్ చేయను, ముందు అది బాగుచేసుకోవాల్సిందే. ఆ మధ్య చౌకగా వస్తోందని ఒక చోట డూప్లికేట్ కంప్రెసర్లు తెచ్చి రెండు బండ్లకు వేశాం, రెండూ ఏడాది తిరక్కుండానే పోయాయి. వాటి డబ్బు వెనక్కి ఇచ్చేశాను, ఇంక అవి తేను.

ఇప్పుడు ఎలా చేస్తున్నామంటే, నార్మల్ హైట్ మీద 25, మహా అయితే 30 మిల్లీమీటర్లు, అంతే. లింకులు మార్చడం మానేశాం, స్కాన్ టూల్‌తో నాలుగు మూలలకీ విడివిడిగా కొలత ఎక్కిస్తున్నాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత కొలతకి తెచ్చుకోవచ్చు. ఎత్తు మారాక కింది ఆర్మ్ బుష్‌ల (ఆర్మ్ బిగించే చోట ఉండే రబ్బరు ముక్కలు) బోల్టులు వదులు చేసి, బండి కొత్త ఎత్తులో నిలబడి ఉండగా మళ్లీ బిగిస్తున్నాం. ఇది చాలా చోట్ల వదిలేస్తారు, మేం కూడా వదిలేశాం, అలా వదిలేస్తే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి చిరిగిపోతుంది. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే టైరు ఒక అంచే అరిగిపోతుంది. రెండు గంటల పని ఇప్పుడు రెండు రోజులు పడుతోంది, రేటు కూడా అందుకే పెరిగింది.

రెండు అంగుళాలే కావాలనే వాళ్లు నన్ను క్షమించండి, నేను చేయను. గట్ల మీద తిరగడానికి మీకు కావాల్సింది చాలావరకు ఆఫ్‌రోడ్ బటన్‌లోనే ఉంది, దాన్ని వాడండి, మంచి టైర్లు వేయించండి.

చట్టం సంగతి కూడా ఇదివరకు నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. క్లెయిమ్ సమయంలో టెన్షన్ పడకుండా ఇన్సూరెన్స్ వాళ్లని ముందే అడిగి రండి.

మా దగ్గర లిఫ్ట్ చేయించుకున్న పదకొండు బండ్లకూ కొలతలు మళ్లీ సెట్ చేయడం, బుష్‌లు బిగించడం, అలైన్‌మెంట్ ఉచితం. మా లిఫ్ట్ వల్ల చిరిగిన బూటు ఉంటే సామాను ఖర్చు కూడా మాదే. కంప్రెసర్, డ్రయ్యర్, బెలోలు మాత్రం వయసుతో పోయేవి, వాటికి సామాను డబ్బు మీరు పెట్టుకోవాలి, కూలీ తీసుకోను. ఈలోగా ఆఫ్‌రోడ్ హైట్ తప్పనిసరి అయితే తప్ప వాడకండి, టైరు మార్చేటప్పుడు స్టాండు పెట్టకుండా బండి కిందికి ఎవర్నీ దూరనివ్వకండి, బెలో ఎప్పుడు దిగుతుందో చెప్పలేం.

బండి సాయంత్రం నాలుగు లోపు తెచ్చి ఒక రాత్రి మా దగ్గరే ఉంచండి. సస్పెన్షన్ ఫ్యూజు తీసేసి రాత్రి కొలత, పొద్దున కొలత రాసుకుంటాం. ఫ్యూజు తీయకపోతే ఆపిన బండిలో కూడా కంప్యూటర్ మధ్యమధ్యలో లేచి, దిగిన మూలతో సమానంగా మిగతా మూడూ దించేస్తుంది, లీకు ఎక్కడుందో తెలియదు. రోజుకి ఒక్క బండే తీసుకుంటున్నాం, భీమవరం బండి అయిపోయింది, తిరిగొచ్చిన మిగతా మూడింటి వాళ్లకి నేనే ఫోన్ చేస్తాను, మిగిలిన ఏడు బండ్ల వాళ్లు వచ్చే ముందు ఒకసారి ఫోన్ చేయండి.