నిద్ర పడుతోందా అని అడిగేవాళ్లెవరు, మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

టీబీ వార్డులో మనసు సంగతి అడిగేవాళ్లు లేరని చెప్పుకోవడానికి గ్రీవెన్సుకు మూడు సోమవారాలు వెళ్లాను. మూడు అర్జీలూ తీసుకున్నారు, రసీదులిచ్చారు. మూడోదానికైతే ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడినది." ఏం పరిష్కారమైందో నాకు తెలియలేదు. మీ కార్యాలయంలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పించండి.

మా తమ్ముడు మందులకు లొంగని టీబీతో ఆస్పత్రిలో ఉన్నాడు. మాత్రలు వేళకి ఇస్తున్నారు. టీబీ రోగుల తిండికని ప్రభుత్వం నెలనెలా ఇచ్చే నిక్షయ్ డబ్బులు 500 నుంచి 1,000 చేశారు, ఆలస్యంగానైనా పడుతున్నాయి. వాటి గురించి నాకు పేచీ లేదు.

వార్డు తలుపు దగ్గర ఒక స్టూలుంది. పొద్దున్నే సిస్టరుగారు మాత్రల గిన్నె దానిమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, "వేసుకున్నావా? నోరు తెరువు" అంటారు. ఆవిడనేమీ అనను. ఆవిడకూ ఇంట్లో పిల్లలున్నారు, వార్డు మొత్తానికీ ఒక్కరే. కానీ రోజు మొత్తంలో వాడితో ఎవరైనా మాట్లాడేది ఆ రెండు ముక్కలే. అన్నం పళ్లెం కూడా ఆ స్టూలు మీదికే వస్తుంది. మంచానికి తగిలించిన కాగితంలో బరువుకు, జ్వరానికి, తెమడ పరీక్షకు గళ్లున్నాయి. నిద్ర పట్టిందా అన్నదానికి లేదు.

వాడికిచ్చిన మందుల్లో సైక్లోసెరిన్ ఒకటి. దానివల్ల దిగులు, భ్రమలు, చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా రావచ్చని డాక్టర్లకు తెలుసు. మాకెవరూ చెప్పలేదు. "కిటికీ అవతల ఎవరో తిడుతున్నారక్కా" అని వాడు పదిహేను రోజులు అంటూనే ఉన్నాడు. ఒంటరిగా ఉండి అలా అయ్యాడేమో అనుకున్నా. మా అత్తయ్య గాలి సోకిందని తాయెత్తు పంపింది. చివరికి పక్క మంచం పెద్దాయన, "నాకూ ఇట్లాగే అయిందమ్మా, డాక్టరుకు చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ మందు ఆపి వేరేది ఇచ్చారు. గొంతులు వినిపించడం తగ్గింది. అంటే మీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఆ పెద్దాయనేనన్నమాట. ఆయనకు వచ్చే వారం డిశ్చార్జి. ఆ తర్వాత ఎవర్ని అడగాలి?

సైకియాట్రిస్టు వారానికోసారి వస్తారని సూపరింటెండెంటుగారు అన్నారు. ఏ వారమో చెప్పలేదు. కౌన్సెలర్ వస్తారు, నిజమే. మాస్కు తీయొద్దు, ఎక్కడపడితే అక్కడ ఉమ్మొద్దు, మాత్రలు మానొద్దు అని చెప్పి సంతకం పెట్టించుకుని వెళ్తారు. గోడమీద టెలీ మానస్ పోస్టరుంది, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసే ప్రభుత్వ నంబరు, 14416. నంబరు మంచిదే, 2022 నుంచి నడుస్తోంది. కానీ వార్డుకంతా ఛార్జింగు పాయింటు ఒకటే. ఫోన్ దొరికినా, చుట్టూ అంతమంది వింటుంటే "నాకు బతకాలని లేదు" అని ఎవరు నోరు విప్పుతారు?

మానసిక వైద్యం హక్కని 2017 చట్టంలో రాశారు కదా. ఆ హక్కు ఈ వార్డు గుమ్మం దాటి లోపలికి రాదా? దానికీ ఇన్ఫెక్షన్ భయమేనా? పెద్ద కోరికలేం లేవు. మనసు సంగతి తెలిసిన మనిషి ఒకరు మాస్కు పెట్టుకుని లోపలికి వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఏ మందు మనసు మీద ఎలా పనిచేస్తుందో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. ఆ కాగితంలో నిద్రకొక గడి పెట్టించండి, దానికి ఖర్చు కూడా లేదు. ఎవరో ఒకర్ని పంపించండి, దయచేసి.

దీన్ని నాలుగో అర్జీ అనుకోండి. రసీదు అక్కర్లేదు. పరిష్కరించబడినదని మెసేజ్ మాత్రం పంపకండి.

ఇట్లు,
ఒక టీబీ రోగి అక్క