మారుతి సినిమా హాలు ఉన్న చోట ఒక గుర్తు రాయైనా వేయండి

సంపాదకులకు నమస్కారం.

సింగిల్ స్క్రీన్ థియేటర్లు ఒక్కొక్కటే మూతపడి ఫంక్షన్ హాళ్లుగా, షాపింగ్ కాంప్లెక్సులుగా మారిపోతున్నాయని ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. బాగానే రాశారు. కానీ విజయవాడ పేరు ఎత్తి, ఇక్కడ అన్నిటికంటే ముందు కట్టిన హాలు ఊసే లేకుండా ముగించారు. అది శ్రీ మారుతి సినిమా. ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటి శాశ్వత సినిమా హాలు. 1921 అక్టోబరు 23న పోతిన శ్రీనివాసరావు గారు తెరిచారు. ఇప్పటి పిల్లల్ని మారుతి ఎక్కడ అని అడిగితే కార్ల షోరూముకు దారి చెబుతారు.

అప్పటి బెజవాడ చిన్న ఊరు. 1921 లెక్కల్లో జనాభా 44 వేల పైచిలుకు, అంతే. అయితే రైళ్లున్నాయి. 1889లో నిజాం లైను వచ్చి చేరింది, 1893లో కృష్ణ మీద వంతెన పడింది, 1899లో మద్రాసు దారి కలిసింది. సినిమాకీ రైలుకీ ఏం సంబంధం అంటారేమో. రీళ్లు ఊరికి రావాలంటే పార్సిల్ వ్యానే దిక్కు. నేను రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ సంగతి కొంచెం తెలుసు. మా రోజుల్లో కూడా ఆ రేకు పెట్టెలు దిగేవి. మూలలు సొట్టలు పడి, పాత సినిమా పేరు కొట్టేసి దాని పక్కనే తెల్ల పెయింటుతో కొత్త పేరు రాసి ఉండేది. విడుదల ముందు రోజు బండి లేటయితే హాలు కుర్రాళ్ల టెన్షన్ చూడాలి. బయట రిక్షా నిలబెట్టి, "సార్, మా బాక్సు దిగిందా?" అని పది నిమిషాలకోసారి కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్లు. ఆడని సినిమాకి "బాక్సు తిరిగొచ్చింది" అనే మాట ఊరికే పుట్టలేదు, మేము ఆ తిరుగు పార్సిళ్లు కూడా బుక్ చేసేవాళ్లం.

మారుతి తెరిచినప్పుడు బొమ్మ మూగది. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పడం ఆ కాలపు హాళ్లలో మామూలే. పదేళ్లు దాటాక మాటలొచ్చాయి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలై, అక్కడి నుంచి మన మారుతికి వచ్చింది. మద్రాసులో అది పడింది ఏప్రిల్ 2న. తెలుగు మాట్లాడే బొమ్మను మద్రాసు కంటే ముందు బెజవాడ చూసిందన్నమాట. ఇంతటి హాలుకు గుర్తు లేకపోవడమే నా బాధ.

మద్రాసులో 1914లో గెయిటీ కట్టించిన రఘుపతి వెంకయ్య గారిది మన బందరే. ఆయన పేరు మీద ప్రభుత్వ అవార్డు ఉంది, ఉండాల్సిందే. పోతిన వారి పేరు మాత్రం ఎంతమందికి తెలుసు? 1929లో దుర్గా కళామందిరం కట్టించిందీ ఆయనే.

అదే 1921లో, మారుతికి ఏడు నెలల ముందు, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశాలు బెజవాడలో జరిగాయి. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా ఇచ్చింది అప్పుడే. దానితో సినిమా హాలుకు పోటీ పెట్టేంత తెలివితక్కువవాణ్ణి కాదు. ఒక ఏడాదిలో ఒక్కటే గుర్తుంచుకోవాలని రూలేమీ లేదు కదా అంటున్నాను.

హాలును తిరిగి కట్టమని అడగడం లేదు. ముందు కాగితాలు వెతకమంటున్నాను. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం 1920లో అమల్లోకి వచ్చింది. అప్పటి ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనే రకం, అందుకని హాలు నడపాలంటే లైసెన్సు తప్పనిసరి చేశారు. అది ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుది. కృష్ణా జిల్లా కేంద్రం బందరు. కాబట్టి మారుతి ఫైలంటూ ఉంటే బందరు కలెక్టరేటు పాత రికార్డుల్లోనో, అక్కడి నుంచి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోయిన కట్టల్లోనో ఉండాలి. బెజవాడకు 1888 నుంచే మునిసిపాలిటీ ఉంది, ఇంటి పన్ను రిజిస్టర్లు కూడా చూడవచ్చు. చెదలు పట్టకముందే ఎవరైనా ఆ గదుల తలుపులు తీయాలి. పాత కుటుంబాల ట్రంకు పెట్టెల్లో సినిమా కరపత్రాలు, టికెట్ ముక్కలు ఉంటాయి. అడిగితే ఇస్తారు, వాటికి మన ఊరి బాపూ మ్యూజియంలో ఒక అద్దాల బీరువా చాలు.

కాగితాలను బట్టి స్థలం ఖాయమయ్యాక అక్కడ నగరపాలక సంస్థ ఒక రాయి వేయాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఒక్క మనవి: ఆ రాయి మీద ఆవిష్కరించిన నాయకుల పేర్ల కంటే హాలు కట్టించినాయన పేరు కాస్త పెద్ద అక్షరాల్లో ఉండేలా చూడండి.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
వన్‌టౌన్, విజయవాడ