డిజిటల్ కథకు అట్టలేసిన రికార్డా?

అయ్యా,

కాబోయే టీచర్లకు డిజిటల్ స్టోరీటెల్లింగ్‌లో శిక్షణ ఇచ్చారంటూ పోయిన వారం మీ విజయనగరం పేజీలో వార్త వేశారు. వేదిక మీద ఎవరున్నారో, ఎవరికి శాలువా కప్పారో అన్నీ రాశారు. ఏం నేర్పారో మాత్రం రాయలేదు. ఆ శిక్షణలో మా మేనకోడలూ ఉంది కాబట్టి నేను చెబుతాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్లైడ్లు చదివి వినిపించారు. ఒక్కరి చేతా ఒక్క కథ చేయించలేదు. భోజనాలు బాగున్నాయట.

డిజిటల్ స్టోరీటెల్లింగ్ అంటే సొంత కథను సొంత గొంతుతో, ఫొటోలతో చిన్న వీడియోగా చెప్పడం. ఈ పద్ధతి 1990లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపుదిద్దుకుంది. అక్కడి వర్క్‌షాపుల్లో ముందు అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి కథ వాళ్లు నోటితో చెప్పుకునేవారు. కంప్యూటర్ ముట్టుకునేది ఆ తర్వాతే. పేజీకి మించని రాత, సొంత గొంతు, కొన్ని ఫొటోలు, రెండు మూడు నిమిషాల నిడివి. ఇవాళ చేతిలో ఫోనుంటే చాలు.

మా పిల్ల ఊరుకోక సొంతంగా ఒకటి చేసింది. వాళ్ల ముత్తాత పొట్ట చేత పట్టుకుని బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లి, 1942లో జపానువాళ్ల బాంబులకు జడిసి నడిచి తిరిగొచ్చిన కథ. నాయనమ్మ చేత చెప్పించి రికార్డు చేసింది. పాత ఫొటో ఒకటి, దారి చూపిస్తూ చేత్తో గీసిన పటం ఒకటి జోడించింది. ప్రాక్టీసుకు వెళ్లిన బళ్లో అయిదో తరగతి వాళ్లకు వినిపిస్తే పిల్లలు ఇళ్లకెళ్లి వాళ్ల తాతల్ని అడగడం మొదలెట్టారు. ఇంతకంటే సాంఘిక శాస్త్ర పాఠం ఏం కావాలి?

ఆ పిల్ల చదివే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో మాత్రం రెండు అభ్యంతరాలు. ఒకటి, ముసలమ్మ యాస బాలేదు, పాఠ్యపుస్తకం భాషలో మళ్లీ చదివించు. ముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు వారికి ఏటా ఆగస్టు 29న దండ వేసేదీ, వాడుక భాష గురించి ఉపన్యాసం దంచేదీ ఈ పెద్దలే. గురజాడ ఇల్లున్న ఊరికి కూతవేటు దూరంలో జరుగుతున్న ముచ్చట ఇది! రెండోది, వీడియో మాకక్కర్లేదు, రికార్డు పుస్తకం రాసి తెమ్మన్నారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలేసి, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు అతికించి, అట్టలేసి తేవాలట. జిరాక్సు షాపులో రెడీమేడ్ రికార్డులు దొరుకుతున్నాయని తెలియనివాళ్లు ఆ కాలేజీలో ఎవరూ లేరు. కొన్నవాళ్లకు మార్కులొస్తాయి, సొంతంగా చేసినవాళ్లకు టెన్షన్ మిగులుతుంది.

పై అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. హైస్కూళ్లకు పెద్ద తెరలిచ్చారు, చిన్న బళ్లకు స్మార్ట్ టీవీలిచ్చారు, 2022లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. వాటిలో వేయడానికి మన ఊరి కథ ఒక్కటైనా టీచరు చేసుకోగలిగేలా నేర్పారా? నేర్పారు లెండి, మరుగుదొడ్లకు ఫొటో తీసి యాపులో ఎక్కించడం. నేను సర్వీసులో ఉన్న చివరి ఏళ్లలో పాఠం కంటే ఆ పనికే ఎక్కువసార్లు ఫోను తీశాను.

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. బడిపంతులుగా పనిచేసిన కారా మాస్టారు (కథారచయిత కాళీపట్నం రామారావు) 1997లో పెట్టారు. తెలుగు కథలు అక్కడ గుట్టలుగా ఉన్నాయి. జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ట్రైనీలను ఒక పూట బస్సెక్కించి కథానిలయానికి తీసుకెళ్లొచ్చు, ఒక కళాకారుణ్ని కాలేజీకి పిలవొచ్చు. శాలువాల ఖర్చులో సగం చాలదా?

విద్యాశాఖ వారు ఈ ఒక్క అంశానికైనా రికార్డు ఎత్తేసి, మూడు నిమిషాల కథనే చూసి మార్కులు వేయమని ఉత్తర్వు ఇవ్వాలి. ఇచ్చినా ఈ బ్యాచికి అందదు. గడువు వచ్చే సోమవారం. మా పిల్ల నిన్ననే బైండింగుకి ఇచ్చొచ్చింది.

ఇట్లు,
ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా