ఐదు గళ్ళలో ఇమడని పని

సంపాదకులకు,

అయ్యా,

తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో ఇరవై ఆరేళ్ళుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. మూడేళ్ళుగా శాఖాధిపతి బాధ్యత కూడా నాదే. ప్రతి నెలా మొదటి వారంలో మా అకడమిక్ కన్సల్టెంట్లు, అంటే పీరియడ్ లెక్కన పాఠం చెప్పే తాత్కాలిక అధ్యాపకులు, తెచ్చే బిల్లుల మీద సంతకం పెట్టడం ఆ బాధ్యతలో ఒక భాగం. బిల్లు ఒకే ఒక్క పేజీ. తేదీ, తరగతి, పీరియడ్, పాఠ్యాంశం, గంటలు అని అందులో ఐదు గళ్ళుంటాయి. విశ్వవిద్యాలయ అధ్యాపకుల పని పరిస్థితుల గురించి చాలా చర్చలు విన్నాను, కొన్నింటిలో నేనూ మాట్లాడాను కానీ, అసలు సంగతి ఈ ఐదు గళ్ళలోనే ఉందని నాకు తోచడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కిందటి అక్టోబరు బిల్లుల్లో ఒకదానిలో ‘క్రిస్టల్ ఫీల్డ్ సిద్ధాంతం – 1 గంట’ అని ఒక వరస ఉంది. ఆ గంట కోసం ఆ అధ్యాపకుడు ముందు రోజు సాయంత్రం ప్రయోగశాలలో కూర్చుని, టేబుల్ టెన్నిస్ బంతులకు రంగులు వేసి, సైకిలు చువ్వలకు గుచ్చి, నడిమి లోహ అయానును ఆరు లైగాండ్లు (లోహానికి అతుక్కునే అణువులు లేదా అయాన్లు) ఏ దిక్కుల నుంచి చుట్టుముడతాయో చూపే నమూనా తయారుచేశారు. బల్ల మీద పెట్టి తిప్పి చూపితే, ఎలక్ట్రాన్లు ఉండే ఆర్బిటాళ్ళలో వేటి శక్తి పెరుగుతుందో, ఏవి దిగువన ఉండిపోతాయో వెనక బెంచీల పిల్లలు కూడా చెప్పగలిగారు. మర్నాడు పది గంటల ప్రాక్టికల్‌కు పుత్తూరు నుంచి తొలి బస్సు పట్టుకుని ఎనిమిదింటికే వచ్చి, సోడియం థయోసల్ఫేట్ ద్రావణం కలిపి, పొటాషియం డైక్రోమేట్‌తో దాని గాఢత సరిచూసి పెట్టారు. ఈ పని చేయవలసిన ల్యాబ్ అసిస్టెంటు రిటైరై ఆరేళ్ళయింది, ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. బిల్లులో రాసుకోవడానికి బంతుల సాయంత్రానికీ గడి లేదు, ద్రావణం కలిపిన ఉదయానికీ లేదు. మూడు గంటల ప్రాక్టికల్‌ను సైతం మా దగ్గర ఒకటిన్నర గంటగానే లెక్కగడతారు.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పూర్తికాలపు అధ్యాపకుడి పని వారానికి 40 గంటలకు తగ్గకూడదు. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్ నేరుగా బోధనకు వెచ్చించవలసినవి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ అయితే 14. మిగిలిన సమయం పాఠం సిద్ధం చేసుకోవడానికి, జవాబు పత్రాలు దిద్దడానికి, పరిశోధనకు, సందేహాలతో వచ్చే పిల్లలకు. అంటే తరగతిలో ఒక గంట చెప్పాలంటే తరగతి బయట గంటన్నర పని ఉంటుందని ఆ నిబంధనే ఒప్పుకుంటోంది. నాలాంటి రెగ్యులర్ అధ్యాపకుల జీతంలో ఆ గంటన్నర కలిసే ఉంటుంది. అదే పాఠాన్ని అదే గదిలో పీరియడ్ లెక్కన చెప్పే మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆ గంటన్నర మాయమవుతుంది. ఆయన చెప్పే పాఠానికి మాత్రం తయారీ అక్కరలేదా? ఆయన పెట్టే పరీక్ష పత్రాలు వాటంతటవే దిద్దుకుంటాయా?

ఇలా పీరియడ్ లెక్కన చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019 జనవరిలో ఒక్కో ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని నిర్ణయించింది. భాగించి చూస్తే నెలకు 33 పీరియడ్లు, వారానికి దాదాపు ఎనిమిది. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌లా వారానికి పదహారు చెప్పేవారికి సగం పీరియడ్లకు ప్రతిఫలం లేదన్నమాట. ఈ రేటు కూడా అందరికీ అందుతోందని పాఠకులు అనుకోవద్దు, మా దగ్గర అందడం లేదు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మూలవేతనమే 57,700, కరువు భత్యం దానికి అదనం. ఇక కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టుల్లో పది శాతం దాటకూడదనీ, అలా తీసుకున్నవారికి రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకుండా చెల్లించాలనీ ఆ 2018 నిబంధనల్లోనే ఉంది. మా శాఖకు మంజూరైన పోస్టులు పద్నాలుగు, రెగ్యులర్‌గా మిగిలినవాళ్ళం నలుగురం. మిగతా బోధనంతా కన్సల్టెంట్ల మీదే నడుస్తోంది. వారిని కాంట్రాక్టు అధ్యాపకులు అనకుండా ఇంకో పేరుతో పిలవడంలోని కిటుకు ఏమిటో నేను విడమరచి చెప్పనక్కరలేదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలోనైతే ఆ పది శాతం హద్దునే తీసివేయాలని ప్రతిపాదించారు.

ఈ విషయంలో రెగ్యులర్లం మేమేమీ సుఖపడిపోవడం లేదు, అయితే మా కష్టం వేరు. పద్నాలుగు మంది పంచుకోవలసిన పాలనా పనులు నలుగురి నెత్తిన పడ్డాయి. విశ్వవిద్యాలయాలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థకు పంపే ఫైళ్ళు, పాఠ్యప్రణాళికా సంఘం, కొనుగోళ్ళ కమిటీ, స్క్వాడ్ డ్యూటీ, హాస్టల్ వార్డెన్ పని, ఆన్‌లైన్ పోర్టల్‌లో ఒకే వివరాన్ని మూడుసార్లు నింపడం. కాగితం మీద కన్సల్టెంటు సంతకం చెల్లదు కాబట్టి సంతకం అవసరమైన ప్రతి పనీ మాకే వస్తుంది. పీహెచ్‌డీ పర్యవేక్షణ కూడా రెగ్యులర్ అధ్యాపకులకే పరిమితం. అందువల్ల ప్రచురణల్లో మమ్మల్ని మించినవారు పక్క గదిలో ఉన్నా, పరిశోధక విద్యార్థులు మా వెనకే తిరగాలి.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. నాక్ బృందం వచ్చే ముందు సెమిస్టరులో దాదాపు ఏడు వారాలు నా పీరియడ్లలో ఎక్కువ భాగం పైన చెప్పిన పుత్తూరు అధ్యాపకుడే చెప్పారు. అడగకముందే ‘నేను చూసుకుంటాను, మీరు ఫైళ్ళు చూసుకోండి సార్’ అన్నారు. నెలాఖరున బిల్లు రాసేటప్పుడు ఆ గంటలు రాసుకోవడానికి వీల్లేకపోయింది, టైమ్‌టేబుల్‌లో అవి నా పేరు మీద ఉన్నాయి కాబట్టి. జీతం నాకు యథావిధిగా వచ్చింది. బిల్లు మీద సంతకం కూడా నేనే పెట్టాను.

సెలవుల సంగతి మరీ అన్యాయం. ఏప్రిల్ చివర్లో తరగతులు ముగిస్తే మళ్ళీ పీరియడ్లు మొదలయ్యేదాకా బిల్లు లేదు. పేపర్లు దిద్దడానికి పిలుపు వస్తే ఆ నాలుగు రూపాయలు వస్తాయి, అంతే. నిరుడు మే నెలలో చుట్టాలకు శ్రీకాళహస్తి వెళ్ళే బండి మాట్లాడదామని బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటరులో మా కన్సల్టెంటు ఒకరు కూర్చుని, యాత్రికులకు కాణిపాకం ప్యాకేజీ రసీదు రాస్తున్నారు. నా కంటే ముందు నిలబడిన కుర్రవాడు మా ఎమ్మెస్సీ విద్యార్థే. ‘ఏం సార్, ఈడుండారు?’ అని అడిగాడు, తప్పుగా కాదు, ఆశ్చర్యంతోనే. ‘సెలవులు కదప్పా’ అన్నారాయన తల ఎత్తకుండా. ఆ ఆఫీసు ఆయన బావమరిదిది. వేసవి రద్దీలో లెక్కలు చూసినందుకు నెలకింత ఇస్తాడట. ఏ పనైనా పనే, అందులో చిన్నతనం లేదు. కానీ ఆర్గానోమెటాలిక్ రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసి పన్నెండేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి ఏటా రెండు నెలలు తాను అధ్యాపకుడినా కాదా అన్న సందిగ్ధంలో గడపడం విశ్వవిద్యాలయానికి గౌరవమా?

నెట్, సెట్ అనే అర్హత పరీక్షలు గట్టెక్కి రెగ్యులర్ కావచ్చు కదా అనేవారున్నారు. వీరిలో చాలామందికి ఆ అర్హతలు ఎప్పుడో ఉన్నాయి, లేనివి నియామకాలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా బోధనా పోస్టుల కోసం 2023 చివర్లో వెలువడిన ప్రకటనలు హైకోర్టు వ్యాజ్యాలలో చిక్కుకుపోయాయి. అప్పుడు దరఖాస్తు రుసుము కట్టి, వెనకటి ప్రచురణలన్నీ జిరాక్సు తీయించి కట్టలు కట్టినవారు మా శాఖలోనే ముగ్గురున్నారు. నిధుల మాటకొస్తే, రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకూ పెన్షన్లకే చాలడం లేదని ఆర్థిక విభాగంవారు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. అయితే 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంతో మొదలై, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వచ్చి, 2020లో సంస్కృత విద్యాపీఠం కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇంత పేరు తెచ్చుకున్న ఊరిలో, రాష్ట్ర పరిధిలోని విద్యార్థికి అద్దె పాఠమే గతి అనడాన్ని నిధుల కొరతతో సమర్థించలేము.

తాత్కాలికంగా పనిచేసేవారికైనా సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లోనే పంజాబ్ ఉద్యోగుల కేసులో చెప్పింది. గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల్లో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నెలకు 30,000 ఇస్తున్న తీరును 2025 ఆగస్టులో తప్పుపడుతూ, సభల్లో ‘గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః’ అని చదివితే చాలదనీ, ఆ మాట మీద నమ్మకముంటే అది అధ్యాపకులను చూసే తీరులో కనబడాలనీ వ్యాఖ్యానించింది. మా ప్రాంగణంలో ఏటా సెప్టెంబరు 5న వేదిక మీద చదివేదీ ఆ శ్లోకమే. శాలువాలు కప్పించుకునేది మాత్రం మేము, రెగ్యులర్లం.

నియామకాలు తేలేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. కన్సల్టెంటుకు పీరియడ్ లెక్క మాని, పన్నెండు నెలలకూ నెలవారీ వేతనం నిర్ణయించవచ్చు. ప్రతి ఏటా జూన్‌లో కొత్తగా తీసుకుంటున్నట్టు ఆడే రెన్యువల్ నాటకాన్ని మూడేళ్ళకొకసారికి మార్చవచ్చు. బోధనేతర పోస్టులు కొన్నైనా నింపితే ఫైళ్ళు మోసే మాలాంటివాళ్ళం తిరిగి తరగతికి వెళ్ళగలం. పాలకమండలి తలచుకుంటే ఇందులో మొదటి రెండు తన స్థాయిలోనే మొదలుపెట్టవచ్చని నా అనుభవం చెబుతోంది.

జనవరి బిల్లుల మీద నేను స్కేలు పెట్టి ఆరో గడి గీశాను. ‘తరగతి వెలుపలి పని’ అని పైన రాసి, ద్రావణాల తయారీ, ఇంటర్నల్ పరీక్షల పేపర్లు, ప్రాజెక్టు విద్యార్థులతో గడిపిన గంటలు వారిచేతనే రాయించి, సంతకం పెట్టి పంపాను. డబ్బు ఇస్తారని కాదు, కాగితం మీద ఉండాలని. తొమ్మిదో రోజు ఏడు బిల్లులూ వెనక్కి వచ్చాయి. ‘నిర్ణీత నమూనాలో లేవు, సరిచేసి పంపగలరు’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ నెల డబ్బు ఆలస్యమవుతుందని వారే కంగారుపడి పాత నమూనాలో మళ్ళీ రాసుకొచ్చారు. నేను మళ్ళీ సంతకం పెట్టాను. ఆరు గళ్ళ బిల్లులు ఏడూ నా బల్ల సొరుగులో ఉన్నాయి.

పేరు ప్రచురించవద్దని మనవి. నాకు ఇబ్బంది అని కాదు, ఆ ఏడుగురి రెన్యువల్ జూన్‌లో ఉంది.

ఇట్లు,
ఒక శాఖాధిపతి,
తిరుపతి