చిక్కీ దాచుకునే పిల్లలు

కర్నూలు

పాపా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన సిలబస్ మొత్తం చదివాను. కంప్యూటర్ సైన్స్ పిల్ల వేసవి సెలవులకు ఇంటికి రాకుండా అమెరికాలోనే ఉండి సైకాలజీ చదవడమేంటని మీ నాయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. డీఎస్సీకి చదివిన రోజుల్లో బట్టీ పట్టిన శాస్త్రవేత్తల పేర్లు, వాళ్లు ప్రయోగాలు చేసిన జంతువులు అన్నీ అందులో కనబడ్డాయి. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. మా నంద్యాల కోచింగ్ సెంటర్లో ఏ జంతువు ఎవరిదో జతపరచడం వస్తే చాలు, మార్కు పడేది. నీ చదువు అలాంటిది కాదు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు టైము సంగతి. మామూలు సెమిస్టర్లో పదిహేను వారాలు చెప్పేదాన్ని ఆరు వారాల్లో ముగిస్తారు. మూడు క్రెడిట్లంటే సుమారు 45 గంటల క్లాసు, అంటే వారానికి ఏడున్నర గంటలు. దానికి రెండింతలు సొంతంగా చదువుకోవాలి కదా, కలిపితే వారానికి 22 గంటలు దాటుతుంది. లైబ్రరీలో పని, వంట, నిద్ర దీనికి బయట.

తమాషా ఏంటంటే, ఇలా గబగబా చదివితే నిలవదని చెప్పింది ఆ సబ్జెక్టే. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు అర్థం లేని అక్షరాల వరసలు తానే కంఠతా పట్టి, ఎన్నాళ్లకు ఎంత మరిచిపోతున్నాడో లెక్కవేసి 1885లో పుస్తకం వేశాడు. ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే కలిగిన ఫలితం, మూడు రోజులకు పంచుకుంటే 38 సార్లకే వచ్చిందట. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇంకోటి చూపించారు. చదివిందే మళ్లీ చదివినవాళ్లకు అప్పటికప్పుడు బాగానే గుర్తుంటుంది. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తున్నది రాసి చూసుకున్నవాళ్లదే పైచేయి. కాబట్టి క్లాసు అయిన సాయంత్రం తెల్లకాగితం తీసుకుని గుర్తున్నది రాయి. రెండు రోజులాగి మళ్లీ రాయి. రంగురంగుల హైలైటర్లు కొనకు, దండగ.

ఇంకో మాట. మొన్న ఫోన్లో మీ నాయనకు ఓసీడీ అన్నావు, అదే, ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే జబ్బు. గ్యాస్ కట్టేశామా, గేటుకు తాళం వేశామా అని రాత్రి లేచి చూసుకుంటారు నిజమే. కానీ మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం అలాంటి ఆలోచనలు, పనులు రోజుకు గంటకు పైగా తినేయాలి, లేదా మనిషిని బాగా బాధపెట్టాలి, లేదా బతుకు సాగకుండా చేయాలి. ఆయనకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. వచ్చి పడుకుని గురక పెడతారు. మొదటి వారంలోనే ఇంట్లో అందరికీ జబ్బులు పంచకు. అవ్వకు ఇంకా ఏమీ పెట్టలేదు, సంతోషం.

నేను అసలు రాయాలనుకున్నది మార్ష్‌మెలో ప్రయోగం గురించి. అదీ నీ సిలబస్‌లో ఉంది. చిన్నపిల్లల ముందు ఒక తీపి బిళ్ల పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండు ఇస్తానని పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు దీన్ని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని నర్సరీ బడిలో చేశాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని ఆ తర్వాత బాగా ప్రచారమైంది. మా ట్రైనింగుల్లో కూడా వీడియో వేసి చూపిస్తారు.

మా బడి కోసిగి వైపు. మిర్చి కోతలకు అమ్మానాన్నలు గుంటూరు వెళ్తే అవ్వల దగ్గర ఉండిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మధ్యాహ్నం చిక్కీ ఇచ్చే రోజున రెండో తరగతి పిల్ల ఒకతి తినకుండా సంచిలో దాచుకుంటుంది, ఇంట్లో తమ్ముడికి. అదే తరగతి పిల్లాడు చేతిలో పడగానే నోట్లో వేసుకుంటాడు. సంక్రాంతికి వస్తామన్న అమ్మానాన్నలు ఉగాదికి వచ్చారు వాడికి. నిగ్రహం లేదంటావా వాడికి? మూడు నెలలు ఎదురుచూసిన పిల్లాడు.

వాడికి లేనిది నిగ్రహమా, పెద్దల మాట మీద నమ్మకమా? 2013లో అమెరికాలోని రోచెస్టర్‌లో కిడ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు దీన్నే పరీక్షించారు. బొమ్మలు వేసుకునే మంచి సామాన్లు తెస్తామని కొందరు పిల్లలకు మాటిచ్చి తెచ్చారు, కొందరికి తేలేదు. తర్వాత మార్ష్‌మెలో పెట్టారు. మాట నిలబెట్టుకున్నచోట పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పినచోట మూడే. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలు చూసినప్పుడు, కుటుంబ పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే, ఆగడానికీ తర్వాతి చదువుకూ ఉందన్న పాత సంబంధం చాలావరకు తగ్గిపోయింది. ఇవి మీ క్లాసులో చెప్తారో లేదో. చెప్పకపోతే నువ్వు అడుగు.

ప్రతి ప్రయోగానికీ ఇదే అడుగు, ఎవరి మీద చేశారని. పరిశోధనల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల చదువుకున్నవాళ్ల మీద, అందులోనూ కాలేజీ పిల్లల మీద చేసి, మనుషులందరూ ఇంతే అని రాస్తున్నారని 2010లో హెన్రిక్ అనే పరిశోధకుడి బృందం గట్టిగానే అడిగింది. మొదటి కోర్సు పిల్లలు ప్రయోగాల్లో కూర్చుంటే మార్కులు ఇస్తారని రాశావు కదా. కర్నూలు పిల్లవైన నువ్వు కూడా రేపు ఏదో పట్టికలో అమెరికన్ యూనివర్సిటీ విద్యార్థినిగా లెక్కకొస్తావు! ఇష్టం లేకపోతే బదులుగా వ్యాసం రాసే వీలుంటుంది, కనుక్కో.

ఇక మీ నాయన బెంగ, నువ్వు కంప్యూటర్లు వదిలేస్తావని. ఒక వేసవి కోర్సుతో ఎవరూ సైకాలజిస్టులు కారని చెప్పాను. ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి, అక్కడయితే చాలా రాష్ట్రాల్లో డాక్టరేటు, లైసెన్సు కావాలి. అంత దూరం వెళ్లాలనిపిస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోపు ఆగస్టు సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ తీసుకో. అది లేకుండా పైన రాసిన పరిశోధనల్లో ఒక్కటీ సరిగ్గా చదవలేవు. కంప్యూటర్ డిగ్రీలో కూడా ఆ క్రెడిట్లు లెక్కకొస్తాయేమో అడ్వైజర్‌ను అడిగి రాయి. వస్తే ఫీజు కలిసొస్తుంది, మీ నాయనకు ఆ మాట నేనే చెప్తాను.

మీ అమ్మ