చెస్ ఫలితాలతో పాటు ఎత్తులు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

చెస్ టోర్నీ ముగిసిన మర్నాడు మీ పేపర్లో కప్పులు పట్టుకున్న పిల్లల ఫొటో, ముఖ్య అతిథుల పేర్లు వస్తున్నాయి, బాగానే ఉంది, కానీ వాళ్లు ఆడిన ఆట మాత్రం ఒక్కటీ రావడం లేదు. క్రికెట్‌కైతే ఎవరు ఎన్ని కొట్టారో, ఎలా అవుటయ్యారో అంతా వేస్తారు కదా.

దసరా సెలవుల్లో మా ఊళ్లో జరిగిన రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) టోర్నీలో ఓ బ్యాంకు ఉద్యోగికీ తొమ్మిదో తరగతి అమ్మాయికీ పడిన గేమ్ దగ్గరుండి చూశాను. తెల్లపావులతో ఆయన ఇటాలియన్ అనే ఓపెనింగ్‌తో మొదలుపెట్టి నాలుగో ఎత్తులోనే గుర్రాన్ని జి5 గడికి దూకించారు. ఆ గుర్రం, సి4లో ఉన్న బిషప్ రెండింటి గురీ ఎఫ్7 బంటు మీదే, దానికేమో రాజు తప్ప ఇంకెవరూ కాపలా లేరు. అమ్మాయి డి5కి బంటును తోసింది, ఆయన కొట్టారు. ఇక్కడే చాలామంది పిల్లలు ఆలోచించకుండా గుర్రంతో తిరిగి కొట్టేస్తారు, వెంటనే తెల్లగుర్రం ఎఫ్7 మీద పడి రాజును నడిబోర్డులోకి లాగేస్తుంది. ఫ్రైడ్ లివర్ అంటారు, యూట్యూబ్‌లో చెస్ చూసే పిల్లలకు బాగా తెలిసిన దెబ్బే. ఈ అమ్మాయి కొట్టలేదు. రెండో గుర్రాన్ని బోర్డు అంచుకు, ఏ5కి తీసుకెళ్లి బిషప్‌ను బెదిరించింది. ఒక బంటు పోయింది నిజమే, కానీ ఆయన బిషప్పూ గుర్రమూ వెనక్కి పరుగులు పెడుతుంటే ఈమె పావులన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చేశాయి. చివరికి డ్రా. ఇద్దరికీ ప్రైజు రాలేదు కాబట్టి పేపర్లో వాళ్ల ఊసే లేదు.

ఆటలు సంపాదించడం కష్టమేమీ కాదు. క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) టోర్నీల్లో ఎత్తులు రాయాలన్నది ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే రూలే, ఆ ఎత్తులు రాసిన స్కోర్‌షీట్లు నిర్వాహకులకే చెందుతాయి. మీ విలేకరి అడిగితే ఒకటి ఫోన్లో ఫొటో తీసి పంపుతారు.

కోనేరు హంపి 2024లో న్యూయార్క్‌లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ (వేగంగా ఆడే చెస్) టైటిల్ గెలిచారు, అదే ఏడాది మన అర్జున్ ఇరిగేశి 2800 రేటింగ్ దాటాడు. వాళ్ల ఆటలు ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతాయి. మా పిల్లలకు దొరకనివి తమలాంటి వాళ్లు ఆడినవి, ఎక్కడ తొందరపడ్డారో ఎక్కడ నిలదొక్కుకున్నారో చూసి అర్థం చేసుకోగలిగినవి.

ఆదివారం అరచేతంత జాగా ఇవ్వండి చాలు: బోర్డు బొమ్మ, ఎత్తులు, స్థానిక కోచ్‌తో రెండు మాటలు. పిల్లల పేర్లు వేయడం ఇబ్బంది అనుకుంటే ఫలానా టోర్నీ, నాలుగో రౌండ్ అని వేసినా సరిపోతుంది.

- ఒక పాఠకుడు, హనుమకొండ