ఏథెన్స్ ఆల్బమ్‌లోని తప్పుడు వివరణలపై ఫిర్యాదు

గుంటూరు

మేనేజరు గారికి,

విషయం: పాత వీధుల ఫోటో ఆల్బమ్‌లో తప్పుల సవరణ లేదా సొమ్ము వాపసు

అయ్యా,

అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఏథెన్స్ ఊళ్ళో ఉన్న జార్జియా యూనివర్సిటీలో మా అమ్మాయి చదువుతున్నందున, ఆ ఊరి వీధులు 1900–1920 నడుమ ఎలా ఉండేవో చూడాలనే ఆశతో, తెలుగు వివరణలు ఉన్నాయన్న మీ ప్రకటన నమ్మి గత నెల ఈ ఆల్బమ్ తెప్పించుకున్నాను. కాగితానికీ కుట్టుకూ వంక పెట్టను. నా ఫిర్యాదు ఫోటోల కింది రాతల గురించీ, వాటికి మీరు పూసిన రంగుల గురించీ.

ఆరో పేజీలో బ్రాడ్ వీధిన కంచరగాడిదల బళ్ళకెత్తినవి గడ్డి మోపులని రాశారు. ముప్పై ఏళ్ళు పత్తి వ్యాపారం చేసినవాణ్ణి. గోనె చుట్టి ఇనుప పట్టీలు బిగించిన పత్తి బేలును కళ్ళజోడు లేకున్నా గుర్తుపడతాను. ఒక్కొక్కటి సుమారు 500 పౌన్లు తూగే సరుకది. తొమ్మిదో పేజీలో మట్టిరోడ్డుకు తారు రంగు వేశారు. చక్రాల గాడులు అంత లోతుగా కనిపిస్తున్నా అది జార్జియా ఎర్రమట్టి అని మీవాళ్ళకు తోచలేదు.

ఇవి సరిపెట్టుకోగలను గానీ పదకొండో పేజీని సరిపెట్టుకోలేను. వాషింగ్టన్, హల్ వీధుల కూడలిలోని నాలుగంతస్తుల భవనాన్ని "కాలేజీ విద్యార్థుల హాస్టల్" అన్నారు. అది నల్లజాతి వ్యాపారి మన్రో మోర్టన్ 1910లో కట్టించిన మోర్టన్ బిల్డింగ్. అందులో నాటకశాల, మందుల షాపు, వైద్యుల గదులు ఉండేవి. జార్జియాలో లైసెన్సు పొందిన తొలి నల్లజాతి దంతవైద్యురాలు ఐడా మే హైరమ్ ప్రాక్టీసు పెట్టిందీ అక్కడే. హాట్ కార్నర్ అని జనం పిలిచే ఆ మూల టోపీలు పెట్టుకుని నిలబడినవారిని మీరు విద్యార్థులను చేశారు. కూతవేటు దూరంలోని ఆ యూనివర్సిటీ 1961 దాకా నల్లవారిని చేర్చుకోనేలేదు.

ఫోన్ చేస్తే మీ సిబ్బంది, "ఫోటో స్పష్టంగానే ఉంది కదండీ" అన్నారు. స్పష్టంగా ఉండబట్టే కదా తప్పు బయటపడింది!

కనుక పదిహేను రోజుల్లోగా సరిచేసిన ప్రతినైనా పంపండి, సొమ్మైనా వాపసు చేయండి. పదకొండో పేజీ విషయంలో మాత్రం ఆల్బమ్ కొన్న అందరికీ సవరణ చీటీ పంపవలసిందిగా కోరుతున్నాను. రసీదు నకలు, మూడు పేజీల జిరాక్సులు జతపరిచాను.

భవదీయుడు
(సంతకం)